నోరులేనివారి పక్షాన

(మన సంఘపు ఉగాది సభలో చేసిన ప్రసంగము)



ఉగాది సభ అనగానే పంచాంగ శ్రవణం వుంటుంది, పిల్లల పాటలు వుంటాయి, చివర పులిహోర వుంటుంది. ఈ నడుమ నావంటి రైల్వే గుమాస్తాను నిలబెట్టి నాలుగు మాటలు చెప్పమనడం మన కార్యదర్శిగారి సాహసం. నేను మెట్రిక్‌తో చదువు చాలించినవాణ్ణి. విశ్వవిద్యాలయం మెట్లు విద్యార్థిగా ఎక్కినవాణ్ణి కాను. అయినా ఈ దినం విశ్వవిద్యాలయ విద్యార్థులు చేసిన ఒక పనిని గురించే మాట్లాడదలచినాను. ఆ పని ముదిరింది ఉగాదినాడు. పైగా అది హద్దుల తగాదా. హద్దుల తగాదా అంటే ఏమిటో బళ్ళారివాళ్ళకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

విశ్వావసు నామ సంవత్సర ఉగాది 2025 మార్చి 30న, ఆదివారంనాడు వచ్చింది. అప్పటికి మా అక్క కూతురు హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదువుతూ వుండేది. పండుగ కదా అని సాయంత్రం ఫోను చేసినాను.

"పచ్చడి తిన్నావా అమ్మా?" అన్నాను.

"లేదు మామా. మేమంతా గేటు దగ్గర వున్నాము. అడవిలోకి పొక్లెయినులు వచ్చినాయి. మావాళ్ళను కొందరిని పోలీసులు తీసుకొనిపోయినారు" అన్నది.

ఫోనులో వెనుకనుండి కేకలు వినిపిస్తున్నాయి. మనుష్యుల కేకలు కొన్ని. వాటికి అవతల, దూరంగా, మరేవో కేకలు. "అవెవరివి?" అన్నాను. "నెమళ్ళవి మామా" అన్నది.

నేను పెద్దవాణ్ణి గనుక పెద్దవాళ్ళు అనే మాటే అన్నాను: "నీకెందుకమ్మా, నీ చదువు నీవు చదువుకో." ఆ మాట అన్నందుకు తరువాత సిగ్గుపడ్డాను. ఎందుకు సిగ్గుపడ్డానో మీకు చెప్పుకోవడమే ఈ ప్రసంగం.

ముందు ఆ అడవి సంగతి చెప్పవలె. ముల్కీ గొడవలు, ప్రత్యేకాంధ్ర ఆందోళన అయిన తరువాత కేంద్రం 1973లో ఆరు సూత్రాల పథకం ప్రకటించింది. దాని ఫలితంగానే 1974లో పార్లమెంటు చట్టంతో హైదరాబాదులో కేంద్రీయ విశ్వవిద్యాలయం పుట్టింది. ఊరికి దూరంగా గచ్చిబౌలిలో సుమారు 2,300 ఎకరాలు దానికి చూపించినారు. అప్పుడు అక్కడ రాళ్ళు, ముళ్ళపొదలు, కుంటలు తప్ప ఏమీ లేవు. ఆ రాళ్ళు కూడా మన బళ్ళారి కోటగుట్ట రాళ్ళవంటివే. ఒకదానిమీద ఒకటి పేర్చి దేవుడు మరచిపోయి వెళ్ళినట్లు వుంటాయి. తరువాత ఊరు పెరిగి పెరిగి అక్కడికి వచ్చి చేరింది. చుట్టూ అద్దాల మేడలు లేచినాయి. నడుమ ఈ అడవి మాత్రం మిగిలింది. చుక్కల జింకలు, నెమళ్ళు, అడవిపందులు, ఉడుములు, నక్షత్ర తాబేళ్ళు దానిలో మిగిలినాయి.

ఇందులో 400 ఎకరాలను 2003-04 ప్రాంతంలో అప్పటి ప్రభుత్వం ఒక క్రీడా సంస్థకు ఇచ్చింది. 2006లో తరువాతి ప్రభుత్వం ఆ కేటాయింపును రద్దు చేసింది. వ్యాజ్యం ఏండ్ల తరబడి నడిచి 2024లో ప్రభుత్వం పక్షాన తేలింది. ఇక ఆ భూమిలో ఐ.టి. పార్కు వేస్తామనీ, ఉద్యోగాలు వస్తాయనీ, అది రెవెన్యూ భూమే గాని అడవి కాదనీ తెలంగాణ ప్రభుత్వం చెప్పింది. హద్దులు సరిగా గుర్తించనే లేదని విశ్వవిద్యాలయం చెప్పింది. రెండు వైపుల కాగితాలూ వున్నాయి. ఆ కాగితాల తీర్పు చెప్పడానికి నేను జడ్జిని కాను. ఉద్యోగాలు అక్కరలేదని అనడానికి నోరూ రాదు. మన పిల్లలే ఆ అద్దాల మేడలలో పనిచేస్తున్నారు కదా.

అయితే ఒక సంగతి గమనించండి. ఇరుపక్షాల కాగితాలలోనూ నెమలి పేరు లేదు. సర్వే నంబరు వుంది, ఎకరాలు వున్నాయి, విలువ కోట్లలో వుంది. అక్కడే పుట్టి అక్కడే గుడ్లు పెట్టే ప్రాణికి మాత్రం అడంగలులో కాలమ్ లేదు. ఆ లేని కాలమ్‌ను విద్యార్థులు వ్రాసినారు. వాళ్ళు చేసిన పనిలో నాకు అన్నిటికన్న గొప్పగా తోచింది ఇదే.

నినాదాలు, ధర్నాలు అందరూ చూసినారు. దానికి ముందు ఏండ్ల తరబడి ఆ ఆవరణలో విద్యార్థులు తెల్లవారుజామున లేచి తిరిగి, ఫోటోలు తీసి, పేర్లు వ్రాసి పెట్టుకున్న సంగతి చాలమంది ఎరుగరు. వాళ్ళ జాబితాలలో పక్షి జాతులే రెండువందలకు పైబడినాయి. ఏ కుంటకు ఏ ఋతువులో ఏ పిట్ట వస్తుందో వాళ్ళకు తెలుసు. పొక్లెయిను వచ్చిననాడు "ఇక్కడ ఏమీ లేదు" అన్న మాటకు బదులుగా, "ఇవిగో, ఇన్ని వున్నాయి" అని చూపించడానికి వాళ్ళ చేతిలో లెక్క వుంది. కేవలం కన్నీళ్ళే వుంటే ఎవరూ వినేవాళ్ళు కాదు. గుమాస్తాను గనుక చెబుతున్నాను. లెక్క వ్రాసిపెట్టిన వాడి మాటకే ఆఫీసులో విలువ.

తరువాతి కథ మీరు పత్రికలలో చదివే వుంటారు. ఉగాదినాడు యాభై మందికి పైగా విద్యార్థులను పోలీసులు పట్టుకొనిపోయినారు. రాత్రింబవళ్ళు యంత్రాలు నడిచినాయి. వట ఫౌండేషన్ అనే సంస్థ, విద్యార్థులు హైకోర్టుకు వెళ్ళినారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంత తానే ఈ సంగతి చేపట్టింది. హైకోర్టు రిజిస్ట్రారును ఆ దినమే అక్కడికి పంపి చూసి రమ్మన్నది. సుమారు 100 ఎకరాలు భారీ యంత్రాలతో చదును అయినాయనీ, అక్కడ నెమళ్ళు, జింకలు కనిపించినాయనీ ఆయన నివేదిక ఇచ్చినారు. ఇక ఒక్క చెట్టు కూడా కొట్టరాదని న్యాయస్థానం ఆపింది. ఏప్రిల్ 16న, ఆ 100 ఎకరాలను తిరిగి ఎట్లా నిలబెడతారో చెప్పండని ప్రభుత్వాన్ని గట్టిగా అడిగింది.

ఈ గొడవలో అబద్ధాలు కూడా కొన్ని తిరిగినాయని చెప్పకపోతే నేను న్యాయం చేసినవాణ్ణి కాను. కంప్యూటరుతో కల్పించిన బొమ్మలు కొన్ని ఫోనులలో వచ్చినాయి. ఏడ్చే జింక, పరుగెత్తే ఏనుగు! గచ్చిబౌలిలో ఏనుగు ఎక్కడిది? మంచి పనికైనా అబద్ధపు సాక్ష్యం పెడితే ఆ పనే చెడిపోతుంది. నిజంగా తిరిగి వ్రాసుకున్న పిల్లల లెక్క ముందు ఆ బొమ్మలు ఎందుకూ కొరగావు.

ఇక మన ఊరి సంగతికి వస్తాను. 1953లో బళ్ళారి జిల్లాను పంచినారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయినాయి. తక్కినవి మైసూరుకు వచ్చినాయి. బళ్ళారి తాలూకా ఎవరిదో తేల్చడానికి జస్టిస్ మిశ్రాగారు వచ్చి విచారణ చేసినారు. ఆంధ్రులు తమ వాదం చెప్పుకున్నారు, కన్నడిగులు తమ వాదం చెప్పుకున్నారు. తీర్పు కొందరికి తీపి, కొందరికి చేదు. అయినా అందరికీ నోరు వుంది, వకీలు వున్నాడు, మహజరు వ్రాసే చేయి వుంది. ఆ తరువాత తుంగభద్ర కాలువ క్రింది భూములకు కృష్ణా, గోదావరి, గుంటూరు ప్రాంతాల నుండి మనవాళ్ళు వచ్చి క్యాంపులు వేసుకున్నారు. రైలు ఉద్యోగాలకు కొందరు వచ్చినారు. తోరణగల్లు ఉక్కు కర్మాగారానికి మరికొందరు వచ్చినారు. పరాయి గడ్డమీద మన మాటకు, మన బడికి, మన పండుగకు చోటు కావాలని అడగడానికే ఈ సంఘం పెట్టుకున్నాము. అడిగితేనే చోటు దొరుకుతుందని మనకు తెలుసు. అడగలేని ప్రాణి గతి ఏమిటి?

2021లో మన జిల్లాను మళ్ళీ పంచి విజయనగర జిల్లాను వేరు చేసినారు. దరోజి ఎలుగుబంట్ల అభయారణ్యం మీరు చూసే వుంటారు. 1994లో ప్రకటించినది. దాని చుట్టుప్రక్కల ఊళ్ళు ఇప్పుడు రెండు జిల్లాలకు పోయినాయి. ఎలుగుబంటికి ఆ సంగతి తెలియజేసిన వారు లేరు. అది పాత త్రోవనే సాయంత్రం గుట్ట దిగి వస్తున్నది. సిరుగుప్ప వైపు పొలాలలో బట్టమేకపిట్ట కనిపించేదని విన్నాము. మన కర్నూలు వైపు రోళ్ళపాడులో దానికోసమే 1988లో అభయారణ్యం పెట్టినారు. మనిషి గీసిన గీతలు మనిషికే తెలుస్తాయి. వాటి నడుమ నలిగేది మాత్రం తక్కిన ప్రాణులు.

ఇప్పుడు నా సిగ్గు సంగతి.

నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు ఒక చిన్న స్టేషనులో పార్సెలు పని చూసేవాణ్ణి. స్టేషను పేరు ఎందుకు లెండి. మే నెల. ఒక వర్తకుడు రెండు గంపల నాటుకోళ్ళు తెచ్చినాడు. తూకం వేసినాను, చీటీ అంటించినాను, డబ్బు తీసుకొని రసీదు ఇచ్చినాను. గంపలను ప్లాట్‌ఫారం మీద షెడ్డు నీడలో పెట్టించినాను. బండి ఐదు గంటలు ఆలస్యం. నేను లోపల రిజిస్టరు పూర్తిచేస్తూ వున్నాను. నీడ జరిగింది. గంపలు జరగలేదు.

బండి వచ్చేవేళకు చూస్తే ఒక గంపలో కదలిక లేదు. వర్తకుడు లబోదిబోమన్నాడు. పై ఉద్యోగి వచ్చి కాగితాలు చూసినాడు. గంప మళ్ళీ తూచినాము. తూకం రవ్వ తగ్గలేదు. చీటీ సరిగా వుంది, సంతకం సరిగా వుంది. "నీ తప్పు ఏమీ లేదోయ్" అన్నాడు. నేనూ అట్లాగే అనుకున్నాను. కొంతకాలం ఆ కథను తూకం తగ్గలేదన్న చమత్కారంగా నలుగురికీ చెప్పేవాణ్ణి కూడ.

ఒకసారి పండుగకు వచ్చినప్పుడు మా అక్క కూతురికీ చెప్పినాను. అది నవ్వలేదు. "నీళ్ళ కొళాయి ఎంత దూరంలో వుండె మామా?" అని అడిగింది.

ఇరవై అడుగుల దూరంలో వుండె.

అమ్మలారా, అయ్యలారా, ఆ ప్రశ్నకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. నేను క్రూరుణ్ణి కాను. ఇంట్లో కాకికి ముద్ద పెట్టేవాణ్ణే, చీమలు పోయే చోట కాలు వెయ్యనివాణ్ణే. నాకు భూతదయ లేక కాదు. ఆ గంపలో వున్నవి నా దృష్టిలో సరుకు. సరుకు చెడితే సొంతదారు క్లెయిము వేస్తాడు. సరుకే ప్రాణి అయినప్పుడు ఆ ప్రాణి తరఫున క్లెయిము వేసేది ఎవరు? ఈ కాలపు విద్యార్థులు అడుగుతున్నది సరిగ్గా ఇదే. దయ వేరు, హక్కు వేరు అంటున్నారు వాళ్ళు. దయ ఇచ్చేవాడి ఇష్టం. మనసు బాగుంటే ఇస్తాడు, పని తొందరలో వుంటే మరచిపోతాడు. హక్కు అంటే మరచిపోవడానికి వీలులేనిది.

ఇది విద్యార్థులు మొదలుపెట్టిన మాటే అంటే మీరు ఆశ్చర్యపడవచ్చు. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో 1970లో ఒక మధ్యాహ్నం ఇద్దరు విద్యార్థులు భోజనానికి కూర్చున్నారు. రిచర్డ్ కెషెన్ అనే కెనడా విద్యార్థి, వడ్డించబోయే పదార్థంలో మాంసం వున్నదా అని అడిగి, వున్నదని తెలిసి వద్దన్నాడు. ప్రక్కనున్న ఆస్ట్రేలియా విద్యార్థి పీటర్ సింగర్ ఎందుకు వద్దన్నావని అడిగినాడు. ఆ సంభాషణ నుండి పుట్టినదే 1975లో సింగర్ వ్రాసిన 'యానిమల్ లిబరేషన్' అనే గ్రంథం. ఆ 1970లోనే, ఆ ఊళ్ళోనే, రిచర్డ్ రైడర్ అనే ఆయన ఒక చిన్న కరపత్రం అచ్చువేసి పంచినాడు. రంగునుబట్టి మనిషిని తక్కువ చూడడం ఎంత తప్పో, జాతినిబట్టి ప్రాణి బాధను లెక్కచేయకపోవడమూ అటువంటి తప్పే అని అందులో వ్రాసి, దానికి 'స్పీషీసిజం' అని పేరు పెట్టినాడు. ఒక పూట భోజనం, ఒక కరపత్రం! మన పిల్లలు కరపత్రాలు పంచితే కాగితం దండగ అనే మనం ఇది జ్ఞాపకం పెట్టుకోవలె.

మన దేశంలో ఈ మాట చట్టసభలో పలికించినది ఒక నాట్యకళాకారిణి. రుక్మిణీదేవి అరండేల్ గారు రాజ్యసభ సభ్యురాలుగా వుండి, 1953లో, అంటే బళ్ళారి పంపకం జరిగిన ఏడాదే, జంతువుల పట్ల క్రూరత్వాన్ని నిషేధించే బిల్లు పెట్టినారు. ప్రభుత్వమే చట్టం తెస్తుందని నెహ్రూగారు చెప్పిన మీదట దానిని ఉపసంహరించుకున్నారు. చట్టం 1960లో వచ్చింది. 1962లో జంతు సంక్షేమ బోర్డు ఏర్పడితే ఆమే మొదటి అధ్యక్షురాలు. చట్టం మంచిదే. కాని మొదటి తప్పుకు జరిమానా 50 రూపాయల వరకు అని వ్రాసినారు. అరవై ఏండ్లు గడిచిన తరువాత కూడా ఆ అంకె అట్లాగే వుండినది. 1960లో 50 రూపాయలంటే డబ్బు. తరువాత అది రెండు కాఫీల ఖరీదయింది.

1976లో రాజ్యాంగానికి 42వ సవరణ వచ్చినప్పుడు ప్రాణుల పట్ల కారుణ్యం చూపడం ప్రతి పౌరుని విధిగా 51ఎ అధికరణంలో చేరింది. 2014లో జల్లికట్టు కేసులో సుప్రీంకోర్టు ప్రాణికి కూడ గౌరవంతో, హింస లేకుండా బ్రతికే అర్హత వుందని చెప్పింది. 2023లో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, జంతువులకు మనుష్యులవలె ప్రాథమిక హక్కులు వున్నాయనడానికి పూర్వ తీర్పులలో ఆధారం లేదని చెప్పి, తమిళనాడు జల్లికట్టును, మన కర్ణాటక కంబళను అనుమతించే సవరణ చట్టాలను నిలబెట్టింది. చూసినారా, పెద్ద కోర్టులోనే ఈ మాట ఇంకా తెగలేదు. తెగని మాటను గురించి చదువుకున్న పిల్లలు వాదించుకోవడం తప్పెట్లా అవుతుంది?

మా రైల్వే సంగతీ ఒకటి చెబుతాను. 1978 నాటి పశువుల రవాణా నిబంధనలలో బ్రాడ్‌గేజి వ్యాగనుకు పెద్ద పశువులు పదికి మించరాదని వుంది. దూడలైతే పదిహేను. వ్యాగనుకు ఒక మనిషి తోడు వుండవలె. పశువులను పట్టాల వెంబడి, ఒకదానికొకటి ముఖాలు ఎదురుగా నిలబెట్టవలె. ఎంత చక్కగా ఆలోచించి వ్రాసినారు! వ్రాసినవాడు పశువుల నడుమ పెరిగినవాడై వుండాలి. కాని రోడ్డుమీద లారీలో చీకటివేళ పోయే పశువులను చూడండి. నిబంధన కాగితం మీద వుంది, పశువు లారీలో వుంది. రెంటికీ నడుమ ఎవరో ఒకరు నిలబడి లెక్కపెట్టవలె. హైదరాబాదు విద్యార్థులు నిలబడింది ఆ నడుమనే.

విద్యార్థుల మాటతో తరగతి గదులూ మారినాయి. ఒకప్పుడు జంతుశాస్త్రం చదివే ప్రతివాడూ కప్పను కోయవలసిందే. ఎన్ని లక్షల కప్పలు ఆ బల్లలమీద పోయినాయో! చూసి నేర్చుకోవడానికి వేరే మార్గాలు వున్నాయని అధ్యాపకులు, విద్యార్థులు, జంతుప్రేమికులు అడగగా అడగగా యు.జి.సి. 2011లో ఈ కోతలను తగ్గించమని మార్గదర్శకాలు ఇచ్చింది. 2014లో ఆపమన్నది. అంతకు ముందే 1987లో ప్రభుత్వం కప్పకాళ్ళ ఎగుమతిని నిషేధించింది. క్యాంపుల నుండి వచ్చిన రైతు సోదరులకు ఇది బాగా తెలిసే వుంటుంది. మడిలో కప్ప వున్నచోట పురుగు తక్కువ. మనం హక్కు అనే మాట ఎరుగకపోయినా కప్ప తన పని తాను చేస్తూనే వుంది.

ఇక్కడ కథ కొంచెం చిక్కుపడుతుంది. హైదరాబాదు అడవి చెదిరిన ఆ దినాలలో జింకలు బెదిరి బయటికి వచ్చినాయి. ఒక జింకను కుక్కలు కరిచి చంపినాయని పత్రికలలో చదివినాము. జింక మూగజీవమే, కుక్కా మూగజీవమే. హాస్టలు పిల్లలు అన్నం పెట్టి పెంచిన కుక్కే జింకను పట్టవచ్చు. ఇప్పుడు ఎవరి పక్షాన నిలబడతారు?

మా రైల్వే ప్లాట్‌ఫారాల మీదా ఇదే చిక్కు. కుక్కకు బిస్కెట్టు వేసే ప్రయాణికుడు వుంటాడు, అదే కుక్క కరిచి ఏడ్చే పిల్లవాడూ వుంటాడు. కుక్కలను పట్టి, ఆపరేషను చేసి, టీకా వేసి, పట్టిన చోటనే వదలమని 2001 నిబంధనలు చెప్పినాయి. 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు విద్యాలయాలు, ఆసుపత్రులు, బస్సుస్టాండులు, రైల్వే స్టేషనులవంటి చోట్లనుండి వీధికుక్కలను తీసివేయాలనీ, టీకా వేసిన తరువాత కూడ తిరిగి అక్కడ వదలరాదనీ ఆదేశించింది. దానిమీద దేశమంతా వాదోపవాదాలు జరిగినాయి. పిల్లల ప్రాణం ముఖ్యమని ఒకరు, పట్టి ఎక్కడ పెడతారు, తిండి ఎవరు పెడతారని ఒకరు.

నేను మా అక్క కూతురిని అడిగినాను, నీవేమంటావని. అది చాలసేపు ఆలోచించి చెప్పింది: "అన్నం పెట్టడం తేలిక మామా. టీకా వేయించడం, ఆపరేషను చేయించడం కష్టం. కష్టమైన పని చేయకుండా తేలిక పని చేసి ప్రేమ అనుకుంటున్నాము. మా హాస్టలులో నేనూ అట్లాగే చేసినాను." నాకు ఆ జవాబు నచ్చింది. తప్పు తన మీద కూడ వేసుకున్నది గనుక నచ్చింది. ప్రాణి పక్షాన నిలబడడమంటే దానికి బిస్కెట్టు వేయడమే కాదు. దానివల్ల మరొక ప్రాణికి హాని కలగకుండా చూచే బరువు కూడ మోయడం.

ఈ సందర్భంలో తల్లులకు ఒక మాట. పిల్లవాణ్ణి కుక్క కరిస్తే కారం, సున్నం, పసుపు పెట్టవద్దు. ధారగా పడే నీళ్ళతో, సబ్బుతో పావుగంటసేపు గాయం కడిగి, వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోయి టీకాలు వేయించండి. చెప్పిన తేదీలకు అన్ని టీకాలూ వేయించండి. రేబిస్ లక్షణాలు కనిపించిన తరువాత బ్రతకడం దాదాపు అసాధ్యం. కరవడానికి ముందే వీధిలోని కుక్కలకు టీకా వేయించగలిగితే ఇంకా మేలు. పిల్లవాడికీ మేలు, కుక్కకూ మేలు.

చివరకు మన పండుగల మాట. జ్యేష్ఠ పున్నమినాడు మన రైతులు ఏరువాక సాగిస్తారు. ఆ దినమే ఇక్కడి కన్నడ సోదరులు కారహుణ్ణిమె చేస్తారు. రెండు భాషలవాళ్ళూ ఎద్దులకు స్నానం చేయించి, కొమ్ములకు రంగు వేసి, ముద్ద పెట్టి మొక్కుతారు. రాష్ట్రాల హద్దు ఎద్దుల పండుగను విడదీయలేకపోయింది. మనకు భావం కొత్తది కాదు. ఆ ఒక్క దినపు మర్యాదను మిగిలిన దినాలకు కూడ లెక్కగా, నియమంగా చేయమనే విద్యార్థులు అడుగుతున్నారు. వాళ్ళు విదేశీ మాటలు మాట్లాడినా అడిగేది మన పాత బాకీయే.

సంఘం వారికి మూడు విన్నపాలు చేసి ముగిస్తాను.

ఒకటి. మన సంఘపు పిల్లలచేత వచ్చే సంవత్సరమంతా బళ్ళారి కోటగుట్టమీద, చెరువుల దగ్గర, పొలాల గట్లమీద కనిపించే పక్షులను, జంతువులను వ్రాయించండి. తెలుగులో పేరు, కన్నడంలో పేరు, చూసిన తేదీ, చోటు. ఒక నోటుబుక్కు చాలు. రేపు ఎవరైనా వచ్చి "ఇక్కడ ఏమీ లేదు" అంటే మన దగ్గర లెక్క వుంటుంది.

రెండు. పశువులను అమ్మే, తోలే, పంపే మనవాళ్ళు వున్నారు. వ్యాగనుకు పది అన్న నియమం లారీకి లేదనుకోవద్దు. లారీకీ వేరే లెక్క వుంది. కనుక్కొని పాటించండి. నీళ్ళు త్రాగించకుండా ఎక్కించవద్దు.

మూడు. మన పిల్లలు చదువులకు వెళ్ళి ఇటువంటి పనిలో నిలబడితే "నీకెందుకు" అనవద్దు. లెక్క సరిగా పెట్టుకున్నావా, అబద్ధం చెప్పడంలేదు కదా, చదువు పాడుచేసుకోవడం లేదు కదా అని అడగండి. ఆ మూడింటికీ జవాబు సరిగా వుంటే వెనుక నిలబడండి. ఆనాడు ఫోనులో నేను అనవలసిన మాట అదే. ఒక ఏడు ఆలస్యంగా మీ ఎదుట అంటున్నాను.

ఈ ఉదయం మా ఇంట పచ్చడి కలపడానికి ముందు మిద్దెమీదికి పోయి మట్టి మూకుడులో నీళ్ళు పోసి వచ్చినాను. బళ్ళారి ఎండలు మీకు తెలియనివి కావు. కాసేపటికి ఒక గోరింక వచ్చి మూకుడు అంచుమీద నిలబడి త్రాగింది. రసీదు అడగలేదు. నేను మాత్రం లోపలికి వచ్చి మా పిల్లవాడి నోటుబుక్కులో మొదటి పంక్తి వ్రాయించినాను. ఉగాది, గోరింక ఒకటి, మిద్దెమీద, ఉదయం ఏడు గంటలకు.